తూగే తల, తూగే తక్కెడ

మధ్యాహ్నం భోజనాలయ్యాక పడక్కుర్చీలో పేపరు గుండెల మీద పరుచుకుని, కళ్ళజోడు ముక్కు కొసకు జారి, తల ఒక్కసారి ముందుకు వాలి మళ్ళీ లేచే తాతయ్యలు ఇంటికొకరు ఉండేవారు. "నిద్రపోతున్నావా తాతా?" అంటే జవాబు ఎప్పుడూ ఒక్కటే: "లేదురా, వింటూనే ఉన్నా." వంటింటి గడప దగ్గర కొంగు పరుచుకుని ఒరిగిన అమ్మమ్మ అయితే "నిద్రేం కాదే, కాస్త కన్నంటుకుందంతే" అనేది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళ లెక్కలో నిద్ర వేరు, ఇది వేరు. ఆ వేరుకి వాళ్ళ దగ్గర గుప్పెడు మాటలుండేవి. ఇప్పుడు వాటన్నిటి బదులు "చిన్న న్యాప్" ఒక్కటి మిగిలింది.

ఆ గుప్పెడు మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేవాళ్ళు కాదు. కునుకు అన్నిటికంటే చిన్నది, కొలతకు దొరికేది. "ఓ కునుకు తీసి వస్తా" అంటే కావాలని పడుకున్నట్టు. "కునుకు పట్టింది" అంటే అదే వచ్చినట్టు. "కంటి మీద కునుకు లేదు" అనగానే మాత్రం సంగతి నిద్ర నుంచి దిగులుకు మారిపోతుంది. పెళ్ళి కావలసిన పిల్ల, తీరని అప్పు, ఆసుపత్రిలో మనిషి, ఏదో ఒకటి ఆ వాక్యం వెనక ఉంటుంది. కునికిపాటు అంటే తల పడి లేవడం. అది బహువచనంలోనే ఎక్కువగా వినిపించేది, ఎందుకంటే ఒక్కసారితో ఆగే కునికిపాటు ఉండదు. కునికే నక్క మీద తాటిపండు పడ్డట్టు అనే సామెతలో నక్క పడుకోలేదు, కునుకుతోంది. పడుకున్న నక్క మీద పడితే ఆ సామెతకు అంత రుచి రాదు.

కోడికునుకు అని ఇంకో మాట. గంపకింద కోడిని దీపం పెట్టి చూసినవాళ్ళకి ఈ మాట ఎందుకు పుట్టిందో చెప్పక్కర్లేదు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి ఉంటుంది. పక్షుల్లో మెదడు సగం నిద్రపోతూ సగం మేలుకుని ఉండగలదని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. కోళ్ళలోనూ అంతే. మన ముసలమ్మలు మెదడు దాకా వెళ్ళలేదు, కన్ను చూసి పేరు పెట్టారు.

మాగన్ను ఇంకొంచెం లోతు. రెప్పలు పడతాయి, చెవులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. పాలు పొంగుతున్న చప్పుడు, వీధి తలుపు గొళ్ళెం, పసిపిల్ల మొదటి మూలుగు, ఇవన్నీ మాగన్నులో వినిపిస్తాయి. మగత అలా కాదు. అది జ్వరంలోనో మందు వల్లో వచ్చేది, మనిషి చేతిలో ఉండదు. "పొద్దుట్నుంచీ మగతగా ఉన్నాడు" అంటే వైద్యుణ్ణి పిలవాలి. "మాగన్నుగా పడుకున్నాడు" అంటే తలుపు దగ్గరగా వేస్తే చాలు. కలత నిద్ర రాత్రికి చెందిన మాట, పగటి కునుకుకు వాడరు. నడుం వాల్చడంలో అసలు నిద్ర లేకపోయినా ఫరవాలేదు. అదే నడుం వంచితే పని, నడుం కడితే పట్టుదల. ఒక్క నడుముతో ఇన్ని పనులు చేయించిన భాష మనది. కన్ను సంగతి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కన్నంటుకోవడం, కన్ను మూతపడటం కునుకే. కన్నుమూయడం మాత్రం చావు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

వీటన్నిటి మధ్యా తూగు అనే మాట మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మిగతావి కంటి దగ్గరే ఉండిపోయాయి. ఇది సంతకు పోయింది, ఉయ్యాల ఎక్కింది, పద్యంలో దూరింది.

తరగతి గదిలో చివరి బెంచీ కుర్రవాడు తూగుతున్నాడంటే నిద్ర. బియ్యం బస్తా డెబ్బై అయిదు కిలోలు తూగిందంటే బరువు. తప్పతాగి తూగుతూ వస్తున్నాడంటే ఒంటి ఊపు. "ఆ సంబంధం మనకు తూగదు" అంటే తాహతు. ఇద్దరూ సరితూగారంటే సాటి. సిరిసంపదలతో తులతూగడం అంటే నిండుదనం. పద్యానికి తూగు ఉందంటే నడక. నిఘంటువు తిరగేస్తే ఇవన్నీ వరసగా ఒకటి, రెండు, మూడు అంటూ కనిపిస్తాయి గాని, అన్నిటి కిందా ఉన్నది ఒకే కదలిక. వేలాడే వస్తువు అటూ ఇటూ ఊగి, ఊగి, తన చోటికి రావడం.

పొరుగు భాషల్ని పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తమిళంలో తూంగు అంటే మొదట వేలాడు, ఊగు. ఈనాటి మాటల్లో అదే "నిద్రపో". అక్కడ తూక్కం అంటే నిద్ర. మలయాళంలో అదే తూక్కం అంటే బరువు. కన్నడంలో తూగు అంటే తూచడం, ఊపడం రెండూ. తూక అంటే బరువు, తూకడిసు అంటే కునుకు. తెలుగు వీటిలో దేన్నీ వదులుకోలేదు, తూకం, తూగు, తూగుటుయ్యాల మూడూ దాచుకుంది. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో 1961లో అచ్చువేసిన ద్రావిడ భాషల ధాతుకోశంలో ఈ మాటలన్నీ ఒకే గూట్లో ఉన్నాయి. చెన్నై రైల్లో పక్కవాడు "తూక్కం వరుదు" అంటే అతను తన బరువు గురించి చెప్పడం లేదు, నిద్రొస్తోందంటున్నాడు.

వ్యాకరణం దగ్గర ఒక చిన్న చమత్కారం ఉంది. పాలు కాగుతాయి, మనం కాస్తాం. దొంగ దాగుతాడు, మనం దాస్తాం. అలాగే బెల్లం తూగుతుంది, మనం తూస్తాం. కాగు–కాచు, దాగు–దాచు, తూగు–తూచు ఒకే అచ్చులో పోసినవి. కాని ఈ జంట బరువు దగ్గరే పనిచేస్తుంది. పిల్లవాడు నిద్రతో తూగుతాడు, వాణ్ణి ఎవరూ "తూచలేరు". నిద్రపుచ్చడానికి వేరే మాట తెచ్చుకోవాలి, జోకొట్టడం. ఇక్కడ తెలంగాణ మాట ఒకటి నవ్వుతూ ఎదురొస్తుంది. అక్కడ జోకడం అంటే తూచడం. "రెండు కిలోలు జోకు" అంటాడు బేరగాడు. చుట్టాలని కట్టబెట్టకుండా, చెవికి మాత్రం ఎంత బాగుందో చూడండి: ఒకచోట తూగు అంటే నిద్రా తూకమూ, ఇంకోచోట జోకొట్టు, జోకు.

జోగు కూడా నిద్ర మాటే. తూగులో తల పడి లేస్తుంది. జోగేవాడు అలాగే గంటలకొద్దీ ఉండిపోతాడు, నల్లమందు వేసుకున్నవాడిలా. అందుకే "అధికార మత్తులో జోగుతున్నారు" అని రాస్తారు, తూగుతున్నారని ఎక్కువగా రాయరు. జోగు అడుక్కోవడం, జోగి, ఇవి యోగి వైపు నుంచి వచ్చిన వేరే మాటలు. రాతలో ఒకేలా కనిపిస్తాయి, అంతే.

తూలు అన్నదాన్నీ తూగు అన్నదాన్నీ కలిపేస్తున్నారు ఈమధ్య. పెద్దవాళ్ళు కలపలేదు. తూగేది తిరిగి నిలబడుతుంది, తూలేది పడుతుంది. అరుగు మీద తూగుతున్న మనిషిని చూసి నవ్వుకునేవాళ్ళు, తూలుతున్న మనిషిని చూసి పట్టుకోవడానికి లేచేవాళ్ళు. మాట తూలితే వెనక్కి రాదు కాబట్టే "నోరు తూలాడు" అన్నారు, "నోరు తూగాడు" అని ఎవరూ అనలేదు.

ఈ తేడా తక్కెడ దగ్గర కళ్ళకు కనబడుతుంది. పాత తక్కెడ భాగాలు నాలుగే: దండె, నడుమ పిడి, పిడి లోపల ఆడే ముల్లు, గొలుసులకో తాళ్ళకో వేలాడే రెండు పళ్ళేలు. దండె ఏ అంచు మీద ఆనుతుందో ఆ అంచు దండె బరువు కేంద్రానికి కాస్త పైన ఉండాలి. అలా ఉంటేనే ఒక వైపు వంగిన దండె ఊగి, మళ్ళీ సమానానికి వస్తుంది. సరిగ్గా కేంద్రం దగ్గరే ఆనితే వంచిన చోటే నిలిచిపోతుంది. కేంద్రానికి కింద ఆనితే బోర్లా పడుతుంది. మొదటిది తూగు, చివరిది తూలు. ఆనే చోటు మరీ పైకి పోతే ఇంకో తంటా: తక్కెడ మొద్దుబారుతుంది, చిన్న తేడాకి కదలదు. కంసాలి త్రాసులో ఆ దూరం చాలా తక్కువ. అందుకే అది గాలికి కూడా తూగేది, తూచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్ళు.

ఖాళీ పళ్ళేలు సమానంగా లేకపోతే తేలిక వైపు ఓ రాయో, గుడ్డపీలికో, చింతగింజో కట్టేవాళ్ళు. దాన్ని పాసంగం అంటారు. పాసంగం కట్టడంలో తప్పేం లేదు, తక్కెడ తక్కెడకూ అవసరమే. మోసం ఇంకోచోట ఉంటుంది. దండె రెండు చేతులూ సమానం కాకపోయినా, పళ్ళేల బరువుతో సర్దేస్తే ఖాళీ తక్కెడ సమంగానే కనిపిస్తుంది. రాళ్ళ వైపు చెయ్యి 10 అంగుళాలు, సరుకు వైపు పదిన్నర అనుకోండి. కిలో రాయికి 952 గ్రాముల సరుకుతోనే ముల్లు మధ్యకి వస్తుంది. ఖాళీ పళ్ళేలు మార్చి చూపించమని అడిగితే ఇది దొరకదు, గొలుసులతో సహా మార్చినా పాసంగం సర్దేసుకుంటారు. తూచిన సరుకునే రాళ్ళ వైపుకీ, రాళ్ళను సరుకు వైపుకీ మార్చమనాలి. అప్పుడు తక్కెడ ఒకవైపుకి ఒరిగిపోతుంది. ఈ సంగతి తెలిసిన గృహిణికి దుకాణదారు మొదటి తూకంలోనే మొగ్గు చూపించేవాడు. మొగ్గు అంటే సరుకు వైపు పళ్ళెం కాస్త కిందికి ఉండటం. పేపర్లలో "ఓటర్ల మొగ్గు ఎటు" అని రాసేవాళ్ళు ఆ మాటను ఈ పళ్ళెంలోంచే తీసుకున్నారు.

ఇంకో చేతివాటం ఇంతకంటే సులువు. పళ్ళెంలోకి సరుకును కాస్త ఎత్తు నుంచి వేస్తే ఆ విసురుకు అది కిందికి దిగుతుంది. దండె ఇంకా తూగుతుండగానే, దిగిన క్షణం చూసి సంచీలోకి వంచేస్తారు. ముల్లు నిలబడేదాకా ఆగమనడమే దీనికి మందు. "తూగనీ, తూగనీ" అని సంతలో ముసలివాళ్ళు అరిచేది అందుకే. తొందరపడి తూచవద్దు, దాన్నే తూగనివ్వమని.

రాళ్ళ పేర్లు కూడా ఈ తూగుతోపాటే పోయాయి. మద్రాసు లెక్కలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి పలం 35, సేరు 280, వీశె ఒక కిలో నాలుగు వందలు, మణుగు పదకొండు కిలోల పైచిలుకు. చింతపండు, బెల్లం లాంటివి ఏబులం, పదలం లెక్కన కొనేవాళ్ళు. ఏబులం అంటే అయిదు పలాలు, పదలం అంటే పది. పలం పేరు ఆ మాటల్లోనే దాక్కుని ఉంది. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు దిగడం మొదలైంది, 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. అయినా చాలా ఏళ్ళు ఆడవాళ్ళు "పదలం ఇవ్వు" అని అడిగితే కొట్టువాడు మనసులోనే లెక్క కట్టి మూడు వందల యాభై గ్రాములు తూచేవాడు. బంగారం దుకాణాల్లో తులం అనే పేరు ఇంకా బతికే ఉంది, బరువే పది గ్రాములకు కరిగిపోయింది.

అసలైన తూనికరాయి లేనిచోట దానికి సరితూగేలా చూసుకుని పెట్టుకున్న మామూలు రాయి పడికట్టు రాయి. ఆలోచించకుండా అందరూ వాడే అరిగిన మాటల్ని పడికట్టు పదాలు అంటున్నామంటే ఆ రాయి వల్లే. ఆచితూచి మాట్లాడమనడం కూడా తక్కెడ భాషే. తు.చ. తప్పకుండా అన్నది మాత్రం తక్కెడది కాదు. శ్లోకాల్లో పాదం నిండడానికి వేసే తు, చ అనే చిన్న సంస్కృత అక్షరాలవి. వాటిని కూడా వదలకుండా అప్పజెప్పడమని అర్థం. "తూచా తప్పకుండా" అని దీర్ఘాలు పెట్టి రాస్తే తూచడంలోంచి వచ్చిందేమో అనిపిస్తుంది, అచ్చులో రోజూ అదే కనబడుతోంది. ఆటలో ఓడిపోయే పిల్లవాడు వేలు చూపించి "తూచ్" అంటాడే, దానికీ తూకానికీ లంకె పెట్టడం అనవసరం. అయినా అది అనగానే ఆట మళ్ళీ మొదటికి వస్తుంది, ముల్లు మధ్యకు వచ్చినట్టే.

ఇప్పుడు మళ్ళీ పడక్కుర్చీలో తల దగ్గరికి వద్దాం, అది కూడా తక్కెడే కాబట్టి. పెద్దవాళ్ళ తల బరువు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు ఉంటుంది. అది వెన్ను పైకొసన ఆనుకుని ఉంటుంది. ఆనే చోటు కంటే తల బరువు కేంద్రం కొంచెం ముందుకు ఉంటుంది, ముఖం, దవడ అన్నీ అటే కదా. అందుకని మేలుకున్నంతసేపూ మెడ వెనక కండరాలు ఎదుటి పళ్ళెంలో రాళ్ళలా లాగిపట్టి ఉంచుతాయి. కునుకు రాగానే ఆ లాగుడు సడలుతుంది. తల ముందుకే పడుతుంది, గడ్డం ఛాతీకి తగలబోతుంది. మెడ వెనక కండరాలు సాగిన క్షణాన మెదడుకు కబురు పోతుంది, తల ఝాడించి లేస్తుంది. కాసేపటికి మళ్ళీ అదే. నిటారుగా కూర్చున్నవాడు ముందుకు తూగుతాడు, వెనక్కి ఆనుకున్నవాడు పక్కకి ఒరుగుతాడు, బస్సులో పక్కవాడి భుజం మీదకు. పడక్కుర్చీ వాలు ఎక్కువైతే తల వెనక్కే ఆగిపోతుంది, తూగదు, దాని బదులు నోరు తెరుచుకుని గుర్రు మొదలవుతుంది.

"వింటూనే ఉన్నా" అన్న తాతయ్య మాటకు నిద్రను కొలిచే ప్రయోగశాలలు వంత పాడతాయి. మెలకువగా కళ్ళు మూసుకుంటే మెదడు తరంగాలు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఆడుతుంటాయి. తూగు మొదలయ్యాక 4 నుంచి 7కి దిగుతాయి. మూసిన రెప్పల కింద కనుగుడ్లు నెమ్మదిగా అటూ ఇటూ దొర్లుతాయి, అంటే కళ్ళు కూడా తూగుతాయన్నమాట. రాత్రి నిద్ర మొత్తంలో ఈ మెట్టు వాటా ఇరవయ్యో వంతు మాత్రమే, ఒక్కోసారి కొన్ని నిమిషాలు. ఈ మెట్టులో లేపితే చాలామంది "నేను నిద్రపోలేదే" అంటారు. పరికరం మాత్రం పోయావంటుంది. తెలుగు ఈ తగాదాలో ఎటూ మొగ్గకుండా తూగు అని ఒక మాట పెట్టి తప్పుకుంది.

పగటి కునుకు ఇరవై నిమిషాల్లో ముగిస్తే లేచాక హాయిగా ఉంటుంది. ముప్పై దాటితే లోతు నిద్రలోకి జారే అవకాశం ఎక్కువ. అక్కణ్ణుంచి లేపితే బుర్ర దిమ్మెక్కి, చీకటి పడిందో తెల్లవారిందో తెలియని అయోమయం పట్టుకుంటుంది. సాయంత్రం అయిదింటికి లేచి "బడి టైమైపోయింది" అని పరుగెత్తిన పిల్లల కథ ప్రతి ఇంట్లో ఉంది. పాతవాళ్ళు గడియారం పెట్టుకోలేదు. అరుగు మీద, కుర్చీలో, గోడకు చేరబడి కునికేవాళ్ళు కాబట్టి తల పడటమే వాళ్ళకు అలారం. మంచమెక్కితే అది కునుకు కాదు, పడక.

రాత్రంతా సాగే ఆటల్లో తూగు ఒక పెద్ద సమస్య. తోలుబొమ్మలాట ఆడేవాళ్ళకు తెర వెనక నుంచే జనం తూగుతున్నారని తెలిసిపోయేది, తెర ముందు గుసగుసలు ఆగిపోయేవి. అప్పుడే రాముడూ రావణుడూ పక్కకు తప్పుకుని బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు దూకేవాళ్ళు. ఆ మొరటు హాస్యానికి పెద్దవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు, అప్పుడు లేపిన పిల్లలు మళ్ళీ పడుకునేవాళ్ళు కాదు. హరికథలో దాసుగారు ఇదే పనిని పిట్టకథతో చేసేవారు, చిడతలు కాస్త గట్టిగా మోగించి.

బండి తోలేవాడి తూగుకు ఇంత తంటా లేదు. రాత్రి సంత నుంచి వచ్చే ఎడ్లబండి మీద మనిషి కునికినా ఎడ్లకు దారి తెలుసు, ఇంటి ముందు ఆగాక లేచేవాడు. ఇప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్లు రెప్పలు వాలితే దాదాపు తొంభై మీటర్లు ఎవరూ నడపకుండానే నడిచిపోతుంది. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం ఆ తూగును ఆపలేవు. బండి పక్కకు తీసి పావుగంట పడుకోవడమే పనిచేస్తుంది.

తూగు తల దగ్గర మొదలై ఉయ్యాల దగ్గరికి వెళ్ళడం సహజం, రెండూ వేలాడేవే. చీర ఉయ్యాల కట్టడంలో ఉన్న మెలకువలు ఇప్పటి తల్లులకు చెప్పేవాళ్ళు తక్కువ. ఉతికి మెత్తబడిన నూలు చీరే కావాలి. పట్టు, నైలాను ముడి జారుతాయి, గంజి పోని కొత్త నూలు కూడా జారుతుంది. రెండు కొసలూ కలిపి వేసిన ముడిని తాడుకు, తాడును దూలానికో కొక్కానికో కట్టాలి. కొక్కెం దగ్గర తాడు రాసుకుని పోగులు తెగుతుంటాయి, అది కనబడేది పైకెక్కి చూసినప్పుడే. లోపల రెండు అంచుల మధ్య మూరెడు కర్ర అడ్డంగా పెడితే గుడ్డ ముఖం మీద మూసుకోదు. ఒకే చోట వేలాడదీసినది కాబట్టి చీర ఉయ్యాల ఊగడమే కాక మెలి కూడా తిరుగుతుంది. నాలుగు గొలుసుల ఉయ్యాల బల్లకు ఆ గొడవ లేదు, ముందుకూ వెనక్కే. పసిబిడ్డ గుడ్డలో వంకరగా ఒదిగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఇరుకవుతుంది, కాబట్టి ఎవరూ చూడకుండా అందులో గంటలు వదలకూడదు. నిద్రపట్టాక బల్లపరుపు పక్క మీదికి, వెల్లకిలా మార్చాలి.

ఊపు ఎంత వేగంగా ఉండాలన్నది మన చేతిలో పెద్దగా లేదు, తాడు పొడవులో ఉంది. రెండు మీటర్ల కింద వేలాడే ఉయ్యాల ఒక్కసారి పోయి రావడానికి 2.8 సెకన్లు పడుతుంది. రెండున్నర మీటర్లయితే 3.2. బిడ్డ పెరిగి బరువెక్కినా ఆ కాలం మారదు, చిన్న ఊపుకీ పెద్ద ఊపుకీ కూడా దాదాపు అదే. ఇందులో తక్కెడ పోలిక కుదరదు, ఇక్కడ బరువుకు విలువ లేదు. 2011లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగు సెకన్లకు ఒక ఊపు చొప్పున నెమ్మదిగా ఊగే మంచం మీద మగవాళ్ళను మధ్యాహ్నం 45 నిమిషాలు పడుకోబెట్టి చూశారు. కదలని మంచం కంటే త్వరగా నిద్రపట్టింది. మామూలు ఉయ్యాల ఆ నాలుగు సెకన్లు అందుకోవాలంటే దూలం ఉయ్యాలకు నాలుగు మీటర్ల ఎత్తున ఉండాలి. పాత మండువా ఇళ్ళకు అంత ఎత్తు ఉండేదేమో గాని ఇప్పటి అపార్ట్‌మెంట్ కప్పుకు లేదు.

నిద్రపోయాడనుకుని ఉయ్యాలను చేత్తో పట్టి ఆపేస్తే పిల్లవాడు లేస్తాడు. దానంతట అది తూగి ఆగాలి. కొక్కెం కిర్రుమని చప్పుడు చేస్తోందని నూనె వేసినా ఆ రాత్రికి లేస్తాడు, ఆ కిర్రుకు అలవాటుపడిపోయి ఉంటాడు మరి.

ఉయ్యాల తూగే పాటలోకి ఎలా వచ్చిందో చూడాలంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాలి. "ఊగుమా పాపాయి, తూగుమా పాపాయి" అనుకోండి. పొట్టి అక్షరం పలికేంత సేపు ఒక మాత్ర. ఊ రెండు మాత్రలు, గు ఒకటి, మా రెండు, మొత్తం అయిదు. పా రెండు, పా రెండు, యి ఒకటి, మళ్ళీ అయిదు. జోలపాటలు చాలావాటికి ఈ అయిదు నడక ఇష్టం. ఉయ్యాల పోయేటప్పుడు ఒక అయిదు, వచ్చేటప్పుడు ఒక అయిదు. ఇప్పుడు తూగుమా తీసేసి "నిద్రపో పాపాయి" అనండి. నిద్ అయ్యి రెండు, ర ఒత్తుతో ద్ర ఒకటి, పో రెండు. అయిదే, పాట ఆగదు. ఇంట్లో పలికినట్టు "నిద్దరపో పాపాయి" అంటే ఆరు అవుతుంది, ఉయ్యాల వెనక్కి వచ్చేసినా పాట ఇంకా "పో" దగ్గరే ఉంటుంది. తూగు తప్పిందంటే అదే. ఛందస్సు చదవని అమ్మమ్మ అక్కడ "ద"ను మింగేసి పాడేది.

గురజాడ ముత్యాల సరంలో మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని పోయే నడక ఉంది. అది ఉయ్యాలది కాదు, నడిచే మనిషిది, ఓ అడుగు కాస్త పొట్టి, ఓ అడుగు కాస్త పొడుగు. పద్యం చదివి పిల్లలు తూగితే మాస్టారి తప్పో, తూగు తప్పితే కవి తప్పో అని పండితులు ఈ మాట మీదే చమత్కారాలు విసురుకునేవారు. మామూలు మాటల్లో కూడా తూగు కోసం ఏదో ఒకటి తగిలిస్తాం. నిద్రా గిద్రా లేకుండా, కునుకూ గినుకూ పట్టకుండా. గి అనే ఆ రెండో పళ్ళెంలో సరుకేమీ ఉండదు, మొదటిదానికి పాసంగం అంతే.

తక్కెడలు సంతల నుంచి దాదాపు వెళ్ళిపోయాయి. ఎలక్ట్రానిక్ కాటా మీద ముల్లు లేదు, మొగ్గూ లేదు, ఎర్ర అంకెలు మాత్రం ఉన్నాయి. కూరగాయలు వేయగానే ఆ అంకెలు 498, 503, 500 అంటూ కాసేపు అటూ ఇటూ పోతాయి. పళ్ళెం మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపిస్తోందో లేదో ముందు చూసుకుని, అంకె కదలడం మానేదాకా ఆగి, అప్పుడు డబ్బు ఇవ్వాలి. ఫ్యాను గాలికి కూడా అది తూగుతుంది.